అంతర్జాలమున కారు అంగడి

వస్తువును కొనుట సులభమైన పనియే యని తోచును. కాని నిజమునకు అది నమ్మకముతో ముడివడిన పని. బియ్యము కొనువాడు గింజను పంటితో కొఱికి చూచును. వస్త్రము కొనువాడు అంచును వ్రేళ్ళతో నలిపి చూచును. కోనసీమలోని అంబాజీపేటలో కొబ్బరికాయను కొనువాడు దానిని చెవియొద్ద నుంచి కదిపి, లోపలి నీటి చప్పుడు విని, పిమ్మట ధర మాటాడును. కన్ను, చెవి, చేయి సాక్ష్యము చెప్పిన తరువాతనే కొనువాని మనస్సు కుదుటపడును.

పూర్వము పశువుల సంతలలో ఒక వింత ఆచారముండెడిది. దళారి తన కండువా క్రింద కొనువాని చేయి పట్టుకొని, వ్రేళ్ళ గుఱుతులతో ధర తెలిపెడివాడు. ప్రక్కనే నిలిచినవానికైనను ఆ ధర తెలియదు. ఒకే యీడు, ఒకే బలము గల రెండు జతల యెడ్లు ఒకే దినమున రెండు ధరలకు అమ్ముడుపోయినను అడుగువాడుండడు. ధర కండువా క్రింద దాగియున్నంతకాలము తెలివిగలవానికి లాభము, అమాయకునకు నష్టము తప్పవు.

అట్లయిన, కంటికి నిజముగా కానరాని యంగడిలో, చేతితో తాకకయే, లక్షల రూపాయల విలువ గల కారును కొనుట సాధ్యమా? సాధ్యమే యని గత కొన్ని సంవత్సరముల అనుభవము తెలుపుచున్నది. కార్లను తయారుచేయు సంస్థ తన కార్లను అంతర్జాలము ద్వారా అమ్ముటకై ఒక వెబ్‌సైటును నిర్మించుకొనును. ఆ యంగడి యెట్లు కట్టబడునో, దాని యందు ఏ యే జాగ్రత్తలు వహింపవలయునో ఈ పాఠమున తెలిసికొందము.

మన దేశమున కారు కొనుట ఒకప్పుడు ఓర్పునకు పరీక్షగా నుండెడిది. అంబాసిడరు, ఫియట్ వంటి రెండు మూడు రకముల కార్లు మాత్రమే దొరకెడివి. సొమ్ము చెల్లించి పేరు వ్రాయించుకొన్నవారు కారు కొఱకు ఏండ్ల తరబడి వేచియుండెడివారు. 1983 డిసెంబరు 14వ తేదీన మారుతీ సంస్థ తన తొలి కారును కొనుగోలుదారున కప్పగించినది. అప్పుడు దాని ధర సుమారు 50 వేల రూపాయలు. ఆ కారు కొఱకును జనులు బారులు తీరిరి. 2009లో టాటా వారి నానో కారు వెలువడినప్పుడు రెండు లక్షలకు పైగా దరఖాస్తులు రాగా, మొదటి లక్ష కార్లు ఎవరికి చెందవలెనో కంప్యూటరు ద్వారా చీట్లు తీసి నిర్ణయించిరి. కోరువారు పెక్కుమంది, వస్తువు కొంచెమైనప్పుడు వరుసను న్యాయముగా పాటించుట ఎంత కష్టమో ఈ యుదాహరణము వలన తెలియుచున్నది.

అంతర్జాలమున పుటలను ఒకదానితో నొకటి ముడివేయు పద్ధతిని 1989లో టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమున ప్రతిపాదించెను. 1991లో అది లోకమున కందఱకును అందుబాటులోనికి వచ్చెను. మొదట పండితులు తమ పరిశోధనలను పంచుకొనుటకు పుట్టిన ఆ సాధనము, క్రమముగా పుస్తకములను, వస్త్రములను, రైలు టిక్కెట్లను అమ్ము బజారుగా మాఱినది. కారు మాత్రము చాలకాలము ఆ బజారున అడుగిడలేదు. ఏలయన, కారు ధర పెద్దది. దానికి రిజిస్ట్రేషను, బీమా, అప్పు అను మూడు తోకలు కలవు.

ఆంధ్రప్రదేశమున ఈ మార్పునకు ఒక మంచి యుదాహరణము కలదు. కొరియా దేశమునకు చెందిన కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో మన రాష్ట్రమున కర్మాగారము స్థాపించుటకు నిశ్చయించెను. నాటి అనంతపురము జిల్లాలోని పెనుకొండ చేరువ, ఎఱ్ఱమంచి గ్రామమున, 536 ఎకరముల స్థలమున, సంవత్సరమునకు మూడు లక్షల కార్లను తయారుచేయగల కర్మాగారము వెలసినది. పెనుకొండ విజయనగర రాజుల కాలమున ప్రసిద్ధికెక్కిన దుర్గము. 2022 నుండి ఆ ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నది. ఆ కర్మాగారపు తొలి కారు పేరు సెల్టోస్. 2019 జూలై 16వ తేదీన దాని కొఱకు పేర్లు నమోదు చేసికొనుట ప్రారంభింపగా, ఆ యొక్క దినముననే 6,046 మంది సొమ్ము కట్టిరి. వారిలో 1,628 మంది అంగడి గడప త్రొక్కకయే, అంతర్జాలము ద్వారా నమోదు చేసికొనిరి. అనగా నలుగురిలో ఒకరికి మించి, కారు ఇంకను వెలువడక పూర్వమే, తెరపై చూచి నమ్మిరన్నమాట.

తరువాతి సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలినది. 2020 మార్చి 25 నుండి దేశమంతటను రాకపోకలు స్తంభించెను. ఆ ఏప్రిల్ నెలలో మారుతీ సుజుకీ సంస్థ దేశములోపల ఒక్క కారునైనను అమ్మలేకపోయినది. అంగళ్ళు మూతపడినప్పుడు తెఱచియుండగల యంగడి అంతర్జాలమొక్కటియే. హ్యుందాయ్ సంస్థ ఆ యేటి ఆరంభమున ఢిల్లీ ప్రాంతమున పరీక్షించిన తన అంతర్జాలపు అంగడిని ఏప్రిల్‌లో దేశమంతటికిని విస్తరింపజేసినది. టాటా, మహీంద్రా మున్నగు సంస్థలును అదే త్రోవ పట్టినవి. అవసరమే ఉపాయమునకు తల్లి కదా!

ఇక అట్టి యంగడి నిర్మాణమును పరిశీలింతము. పాలకొల్లు చేరువ పల్లెలో ఒక రైతు కలడనుకొందము. ఆయనకు కొంత వరిచేను, ఒక చేపల చెరువు కలవు. వృద్ధురాలైన తల్లిని వైద్యమునకై నెలకొకసారి రాజమహేంద్రవరమునకు గొనిపోవలెను. పదేండ్లు కూడబెట్టిన సొమ్ముతో ఒక చిన్న కారు కొనవలెనని ఆయన తలంపు. ఆయన చేతిలో ఒక సామాన్యమైన ఫోను మాత్రమే కలదు. ఇంగ్లీషు చదువలేడు. కుమార్తె ఎనిమిదవ తరగతి చదువుచున్నది. వెబ్‌సైటు కట్టువాడు మొట్టమొదట తన మనస్సులో నిలుపుకొనవలసినది ఈ కుటుంబమును. పట్టణమున పెద్ద తెరయెదుట కూర్చుండు ధనికుని మాత్రమే తలచి కట్టిన యంగడి, సగము తలుపు మూసిన యంగడి వంటిది.

మొదటి గది ఎంపికలకు సంబంధించినది. ఒక కారునకు మూడు విధములైన ఇంజనులు, రెండు విధములైన గేరు పద్ధతులు, ఐదు తరగతుల సదుపాయములు, ఎనిమిది రంగులు కలవనుకొనుడు. వీనిని గుణించిన 240 రకములగును. కాని కర్మాగారము 240 రకములను తయారుచేయదు. తక్కువ ధర తరగతిలో కొన్ని రంగులుండవు. ఒక ఇంజనుతో ఒకే గేరు పద్ధతి పొసగును. కనుక ఏది దేనితో పొసగునో తెలుపు నియమముల పట్టిక నొకదానిని సిద్ధపఱుపవలెను. ఆ పట్టిక తప్పిన, కర్మాగారము ఎన్నడును తయారుచేయని కారును కొనువాడు ఎన్నుకొనును, సొమ్మును కట్టును, పిమ్మట నిరాశ చెందును. తెరపై కనబడు అందమైన బొమ్మ కంటె తెరవెనుక నుండు ఈ పట్టికయే ముఖ్యము.

రెండవ గది ధరకు సంబంధించినది. ఇచ్చటనే అంగడివాని నిజాయతీ బయటపడును. మన రైతు తెరపై నున్న అంకెను చూచి కుమార్తె నడిగెననుకొందము.

“ఏమమ్మా, ఈ సొమ్మునకు బండి మన వాకిటికి వచ్చునా?”

“రాదు, నాన్నగారూ. ఇది అంగడిలోని ధర మాత్రమే. దీనిపై రాష్ట్రమునకు కట్టవలసిన జీవితకాలపు పన్ను, రిజిస్ట్రేషను రుసుము, బీమా చేరును. క్రింద చిన్న అక్షరములతో వ్రాసినారు, చూడండి.”

“చిన్న అక్షరములతో నేల వ్రాసిరి? నాబోటివాడు చూడకుండుటకా?”

ఆ తండ్రి ప్రశ్న మిక్కిలి విలువైనది. అంగడి ధర వేఱు, రోడ్డు మీదికి వచ్చునప్పటి ధర వేఱు. ఈ రెండింటికిని నడుమ వేల రూపాయలు కాదు, ఒక్కొకప్పుడు లక్ష రూపాయలకు పైగా భేదముండును. రాష్ట్రము మాఱిన పన్ను మాఱును. కావున నిజాయతీ గల వెబ్‌సైటు మొదట కొనువాని ఊరు అడిగి, ఆ ఊరికి చెందు పన్నులను లెక్కించి, మొత్తము ధరను పెద్ద అక్షరములతో చూపవలెను. చిన్న అక్షరములలో దాగిన ధర, కండువా క్రింద దాగిన ధరయే యగును.

అప్పు విషయమున నిది మఱింత నిజము. ఆఱు లక్షల రూపాయలను నూటికి తొమ్మిది రూపాయల వార్షిక వడ్డీపై ఐదేండ్లకు అప్పు తీసికొన్న, నెలకు కట్టవలసినది సుమారు 12,455 రూపాయలు. ఈ యంకె చూచిన భారమంతగా తోచదు. కాని 60 నెలలకు మొత్తము కట్టునది సుమారు 7 లక్షల 47 వేల రూపాయలు. అనగా వడ్డీయే 1 లక్ష 47 వేలకు పైబడును. నెల కిస్తీని మాత్రమే చూపి మొత్తమును దాచుట అబద్ధము కాదు. కాని నిజమును కాదు. రెండంకెలను ప్రక్కప్రక్కన చూపుటయే ధర్మము.

ధరలు నిలుకడగా నుండవు. 2025 సెప్టెంబరు 22వ తేదీన దేశమున కార్లపై పన్ను మాఱినది. అంతకు పూర్వము 28 శాతమును, దానిపై అదనపు సుంకమును ఉండెడివి. ఆ దినము నుండి చిన్న కార్లపై 18 శాతము, పెద్ద కార్లపై 40 శాతము పన్ను విధింపబడి, అదనపు సుంకము తొలగింపబడెను. ఒకే రాత్రిలో పెక్కు కార్ల ధరలు మాఱవలసివచ్చినవి. వెబ్‌సైటున ధర నూఱు పుటలలో నూఱుమాఱులు వ్రాయబడియున్న, ఒక పుట మాఱి మఱియొక పుట మాఱక గందరగోళమగును. అందువలన ధరను ఒక్క చోటనే భద్రపఱచి, పుటలన్నియు అచ్చటినుండియే తీసికొనునట్లు కట్టుదురు. ఊరికంతటికి ఒకే గడియార స్తంభమున్న, కాలమును గూర్చి తగవులాట ఉండదు కదా!

మూడవది భాష. లక్షలాదిమంది మాటాడు భాషలో అంగడి పలకరింపనిచో, కొనువాడు పరాధీనుడగును. ఒప్పందములోని షరతులను చదువలేక, ఎవరో చెప్పిన మాట నమ్మి వ్రేలు తాకించును. తెలుగు లిపికి కంప్యూటరులలో నిర్ణీతమైన స్థానము యూనికోడ్ అను అంతర్జాతీయ పద్ధతి ద్వారా 1991లో లభించినది. కనుక తెలుగున వ్రాయుటకు యంత్రము అడ్డు కాదు, మనస్సుండిన చాలును. అయితే ఇంగ్లీషు మాటలకు నిఘంటువు చూచి కఠినపదములు పేర్చినను ప్రయోజనము లేదు. స్టీరింగు, బ్రేకు, టైరు, కిస్తీ అని జనులు వాడు మాటలనే వాడవలెను.

భాషతో పాటు బరువును గూర్చియు ఆలోచింపవలెను. పుటకు బరువేమి యని మీరు నవ్వవచ్చును. కారు బొమ్మ ఒక్కటి నాలుగు మెగాబైట్లున్నదనుకొనుడు. సెకనుకు ఒక మెగాబిట్ మాత్రమే అందు బలహీనపు సంకేతము గల లంక గ్రామమున అది తెరపైకి వచ్చుటకు 32 సెకండ్లు పట్టును. ఏలయన ఒక బైటునకు ఎనిమిది బిట్లు. అదే బొమ్మను నేర్పుతో రెండువందల కిలోబైట్లకు కుదించిన, రెండు సెకండ్లలోపుననే కానవచ్చును. పట్టణమున కూర్చుండి కట్టువానికి ఈ భేదము తెలియదు. కావున మంచి నిర్మాతలు చౌక ఫోనులపై, మందపు సంకేతముపై పరీక్షించిన పిమ్మటనే పుటను విడుదల చేయుదురు.

నాలుగవది బుకింగు. ఒక రంగు కారు కర్మాగారమున ఒక్కటియే మిగిలియున్నది. భీమవరమున ఒకరు, అమలాపురమున ఒకరు ఒకే క్షణమున దానిని కోరిరి. ఎవరికీయవలెను? గోదావరి కాలువలపై పడవలు నడచు రోజులలో ఈ చిక్కునకు సమాధానము మన పెద్దలకు తెలిసియుండెను. కాలువ మట్టము మాఱుచోట లాకు కట్టిరి. ఒక పడవ లాకులోనికి ప్రవేశింపగానే వెనుక తలుపు మూయుదురు. ఆ పడవ దాటి వెడలిన పిమ్మటనే రెండవ పడవకు తావు. కంప్యూటరు నిపుణులును ఇదే పద్ధతిని అనుసరింతురు. వింత యేమనగా, వారును దానిని లాకు అనియే పిలుతురు. మొదట చేరిన కోరిక ఆ కారు పద్దును పట్టుకొనగానే తలుపు మూయబడును. సొమ్ము చెల్లిన కారు ఆతనిదగును. నియమితమైన నిమిషములలో చెల్లింపనిచో తలుపు మరల తెఱచుకొని రెండవవానికి అవకాశము కలుగును.

సొమ్ము చెల్లించునపుడు మఱియొక ప్రమాదము కలదు. రైతు సొమ్ము పంపెను. బ్యాంకులో సొమ్ము తగ్గినది. అంతలో సంకేతము తెగిపోయినది. తెరపై రసీదు రాలేదు. ఆయన భయపడి మరల మీట నొక్కును. రెండుమాఱులు సొమ్ము పోవలెనా? పోరాదు. అందుకై ప్రతి కోరికకును ఒక ప్రత్యేక సంఖ్య నిత్తురు. అదే సంఖ్యతో రెండవమాఱు కోరిక వచ్చిన యెడల, యంత్రము క్రొత్తగా సొమ్ము తీసికొనక, పాత రసీదునే చూపును. మఱియు సొమ్ము చేరుట, కారు కేటాయింపు, రసీదు పుట్టుట అను మూడు పనులును కలిసి జరుగవలెను. లేదా ఏదియు జరుగరాదు. సగము జరిగిన పని తెగిన గట్టు వంటిది. గట్టు సగము నిలిచియున్నది కదా యని వరద ఆగదు.

వరద అనగానే గోదావరి తీరవాసులకు 1986 ఆగస్టు జ్ఞాపకమునకు వచ్చును. ఆ నెలలో నదియందు సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినది. అంతర్జాలపు అంగళ్ళకును అట్టి వరదలు వచ్చును. 2021 అక్టోబరు 7న మహీంద్రా సంస్థ తన ఎక్స్‌యూవీ 700 కారునకు బుకింగు తెఱువగా 57 నిమిషములలో 25 వేలు నమోదయ్యెను. మరుసటి యేట, 2022 జూలై 30న, స్కార్పియో-ఎన్ అను కారునకు అదే 25 వేలు ఒక్క నిమిషములో నమోదై, అరగంటలో లక్ష దాటెను. ఒక్క కంప్యూటరే ఈ వెల్లువ నంతటిని మోయవలసివచ్చిన కూలిపోవును.

దీనికిని గోదావరియే మంచి పాఠము. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట నిర్మాణమును ప్రారంభింపగా 1852లో అది పూర్తియైనది. ఆయన నదీజలమును ఒకే కాలువలోనికి వదలలేదు. తూర్పు డెల్టాకు, మధ్య డెల్టాకు, పశ్చిమ డెల్టాకు వేఱువేఱు కాలువల ద్వారా పంచెను. వెబ్‌సైటు నిర్మాతలును వచ్చు జనసందోహమును పెక్కు సర్వరులకు పంచుదురు. రద్దీ హెచ్చిన క్రొత్త సర్వరులు తెఱచుకొనును, తగ్గిన మూసికొనును. అయినను ఎక్కువైన యెడల వచ్చినవారిని వరుసలో నిలిపి, “మీ వంతు వచ్చువఱకు వేచియుండుడు” అని మర్యాదగా తెలుపుదురు. తలుపు విఱిగిపడుట కంటె వరుసలో నిలుచుట మేలు. వరదకు ముందే గట్లను పరీక్షించినట్లు, బుకింగు దినమునకు ముందే కృత్రిమముగా వెల్లువను సృష్టించి వెబ్‌సైటును పరీక్షింతురు.

సొమ్ము చెల్లినంత మాత్రమున పని ముగియదు. కారు ఫోనులో నుండి ఊడిపడదు. కార్లను మనకు అప్పగించువారు సాధారణముగా ఆయా పట్టణములలోని డీలరులే. అంతర్జాలమున వచ్చిన కోరిక కొనువానికి చేరువలోనున్న డీలరునకు పోవును. ఆయన పనివారు కారును కడిగి, నూనెలు, టైర్లు, దీపములు పరీక్షించి, రిజిస్ట్రేషను పత్రములు సిద్ధపఱతురు. ప్రతి కారునకును 17 అక్షరములు, అంకెలు గల గుర్తింపు సంఖ్య కలదు. అందు ఐ, ఓ, క్యూ అను మూడు ఇంగ్లీషు అక్షరములను వాడరు. అవి ఒకటి, సున్న అను అంకెలతో పొరబడు ననుటయే కారణము. కొనువాడు కారు తీసికొనునపుడు పత్రముపై నున్న సంఖ్యను కారుపై నున్న సంఖ్యతో సరిచూచుకొనవలెను.

ఇట నొక చిక్కు ప్రశ్న పుట్టును. వెబ్‌సైటే అన్నియు చేసిన, రాజమహేంద్రవరమునను, కాకినాడలోను కార్ల అంగళ్ళలో పనిచేయు యువకుల బ్రతుకేమగును? ఈ భయము అకారణము కాదు. ధర చెప్పుట, పత్రములు నింపుట వంటి పనులు తగ్గుట నిజము. కాని కారును నడిపి చూపుట, వృద్ధుల సందేహములు తీర్చుట, మరమ్మతు చేయుట మనుష్యుల పనులే. కావున వెబ్‌సైటు కట్టించు సంస్థ, అమ్మకపు లాభములో డీలరునకు న్యాయమైన వంతు ఈయవలెను. పనివారికి క్రొత్త పనులలో శిక్షణ నీయవలెను. ఒకరి సౌకర్యము మఱియొకరి ఆకలి కారాదు.

ఇక దొంగల మాట. నిజమైన అంగడి యున్నచోట నకిలీ అంగడియు వెలయును. పేరులో ఒక అక్షరము మార్చి, అచ్చముగా అట్లే కనబడు పుటను సృష్టించి, “ఈ దినమే సొమ్ము కట్టిన సగము ధర” అని ఆశ చూపి మోసగించువారు కలరు. అందువలన కొనువాడు చిరునామాను అక్షరమక్షరము చూచుకొనవలెను. ఫోనునకు వచ్చిన రహస్య సంఖ్యను ఎవరికిని చెప్పరాదు. వ్యక్తి పేరిట నున్న ఖాతాకు సొమ్ము పంపరాదు. కొనువానిని రక్షించుటకు చట్టములును కలవు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలునకు వచ్చినది. అంతర్జాల వ్యాపారమునకు ప్రత్యేక నియమములు ఆ నెలలోనే వెలువడినవి. కొనువాడు తెలిపిన పేరు, చిరునామా, ఫోను సంఖ్య మున్నగు వివరములను కాపాడుటకు 2023లో వేఱొక చట్టము చేయబడినది. ఇంటివాడు నమ్మి చెప్పిన మాటను వీధిలో చాటరాదను పాత నీతియే యిది.

ఇట్టి వెబ్‌సైటును ఒక్కడు కట్టలేడు. పుటల రూపము గీయువారు, లెక్కల యంత్రాంగము వ్రాయువారు, తప్పులు వెదకువారు, చట్టము తెలిసినవారు, భాష తెలిసినవారు కలిసి పనిచేయవలెను. వీరిలో తప్పులు వెదకువాని పని మిక్కిలి గౌరవనీయమైనది. ఆతడు బుద్ధిపూర్వకముగా తప్పు ఊరు వ్రాసి, మధ్యలో ఫోను ఆర్పి, రెండుమాఱులు మీట నొక్కి, అంగడి యెట్లు ప్రవర్తించునో చూచును. ఆతడు ముందుగా కనుగొన్న ప్రతి తప్పును, పాలకొల్లు రైతు కూడబెట్టిన సొమ్మును కాపాడిన మేలే. 1946లో నెలకొల్పబడి, పిమ్మట కాకినాడలో స్థిరపడి, 2008లో విశ్వవిద్యాలయముగా ఎదిగిన ఇంజనీరింగు కళాశాల మొదలుకొని గోదావరి జిల్లాలలోని అనేక కళాశాలలలో ఈ విద్య నేర్చువారు వేలకొలది కలరు. మీలోను కొందఱు రేపు ఇట్టి పనులు చేయుదురు.

అప్పుడు ఒక్క మాట మఱువకుడు. తెర యెదుట కూర్చున్నవాడు మీకు కానరాడు. మీరును ఆతనికి కానరారు. సంతలో ముఖము చూచి సిగ్గుపడు మనుష్యుడు, ముఖము కనబడనిచోట అబద్ధమాడుటకు వెనుదీయడు. కాబట్టి ముఖములు కనబడని యంగడిలో నిజాయతీ రెట్టింపు కావలెను. ధరను పూర్తిగా చెప్పుట, మాటను సులభముగా చెప్పుట, వరుసను న్యాయముగా నడపుట, సొమ్మునకు లెక్క చూపుట, ఇవియే ఆ యంగడికి నాలుగు స్తంభములు. ఇవి నిలిచిన కప్పు నిలుచును.

ప్రశ్నలు

1. పశువుల సంతలోని కండువా బేరమునకును, చిన్న అక్షరములలో వ్రాసిన ధరకును గల పోలికను వివరింపుము.
2. ధరను ఒకే చోట భద్రపఱచుట వలన కలుగు ప్రయోజనమేమి? 2025లో జరిగిన మార్పును ఉదాహరణముగా చూపుము.
3. కాలువ లాకునకును, బుకింగు పద్ధతికిని గల సామ్యమును తెలుపుము.
4. నాలుగు లక్షల రూపాయలను నెలకు 8,500 రూపాయల చొప్పున 60 నెలలు తీర్చినచో వడ్డీ క్రింద చెల్లించునది ఎంత?
5. వెబ్‌సైటుల వలన అంగళ్ళలో పనిచేయువారికి కలుగు ఇబ్బందులను తగ్గించుటకు నీకు తోచిన ఉపాయములను వ్రాయుము.